ఏమన్నారే?

పరీక్షలో తనకిచ్చిన మంచం మీద పడుకున్న మనిషిని చూడగానే ఆ అమ్మాయి నెత్తి కొట్టుకుంది.

మళ్ళీ ఆ వడ్రంగి తాతే.

పోయినసారి ఆమె కొంప ముంచింది ఆ మహానుభావుడే.

డాక్టరు చదువు చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. రోగిని ఒంటరిగా పరీక్షించి జబ్బేమిటో కనిపెట్టి చెప్పాలి. దానికో దొడ్డిదారి కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఆసుపత్రి చుట్టూ తిరిగే రోగులకి తమ జబ్బు పేరు కంఠతా వచ్చేసి ఉంటుంది. గుట్టుగా బతిమాలితే చెప్పేస్తారు. అందరూ చేసే పనే. పోయినసారి ఈ అమ్మాయీ బతిమాలింది.

చెప్తాను గానీ, ముందు నువ్వీ చదువులో ఎందుకు చేరావో చెప్పమన్నాడు తాత. తన దగ్గరికి వచ్చే పిల్లలందరినీ ఆయన అడిగే ప్రశ్నే అది.

ప్రజలకి సేవ చేద్దామని, అంది ఆమె గడియారం చూసుకుంటూ.

తాత నిట్టూర్చి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు.

ఆమె అదే ఒప్పజెప్పింది. నీరెక్కడుందో చూపించమన్నారు పరీక్ష పెట్టే డాక్టర్లు. ముసలాయన వీపంతా తట్టి తట్టి చూసినా చుక్క దొరకలేదు. చివరికి నీళ్ళు కనిపించింది ఆమె కళ్ళల్లోనే.

ఈసారి కూడా తప్పితే చదువుకి దణ్ణం పెట్టేసి పెదనాన్న బట్టల కొట్లో కూర్చుంటానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. పెదనాన్న అప్పుడే కుర్చీ దుమ్ము దులిపించి ఉంచాడు.

తాత ఆమెని గుర్తుపట్టాడు. ఏ మాత్రం మొహమాటం లేకుండా మళ్ళీ అదే అడిగాడు.

"ఎందుకు చేరావమ్మా ఈ చదువులో?"

ఆమెకి ఒళ్ళు మండింది. కానీ ఇక పోయేదేముందనిపించి, ఎవరికీ చెప్పని మాట ఆయనకి చెప్పేసింది.

చిన్నప్పుడు వాళ్ళమ్మకి జబ్బు చేసింది. డాక్టర్లు గుంపుగా వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. నోరు తిరగని మాటలేవో మాట్లాడుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు గుమ్మం దాటగానే అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఏమన్నారే, అని అడిగింది.

"నాకు అర్థం కాలేదు తాతా. అమ్మ పోయేదాకా ఎవరూ చెప్పలేదు. ఆ 'ఏమన్నారే'కి జవాబు చెప్పాలని చేరాను. సేవా లేదు, గీవా లేదు."

తాత ఏదో చెప్పబోయాడు.

"నీ జబ్బు పేరు మాత్రం నాకు చెప్పకు. నేనే కనుక్కుంటాను," అంది ఆమె.

తాత బరువు దింపుకున్నట్టు హమ్మయ్య అనుకున్నాడు.

ఆమె ఈసారి గడియారం వైపు చూడలేదు. పని ఎందుకు మానేశావని అడిగింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, కొడుకేమో ఒళ్ళు దాచుకుంటున్నావని దెప్పుతాడని చెప్పాడు తాత.

వెల్లకిలా ఉన్నప్పుడు గుండె మామూలుగానే వినిపించింది. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి వదిలి బిగబట్టమంది. కళ్ళు మూసుకుని విన్నది.

ఉంది. గుండె చప్పుడు వెనకాల, దూరంగా బండి వెళ్తున్నట్టు సన్నటి గురగుర.

డాక్టర్లు వచ్చారు. ఆమె తడబడకుండా చెప్పింది. ఇద్దరిలో పెద్దాయన ఆమె వేలు పెట్టిన చోటే తన స్టెతస్కోపు పెట్టి విన్నాడు. మొహం విప్పారింది, అంతలోనే అనుమానం కూడా వచ్చింది. రోగి గానీ చెప్పేశాడా అని అడిగాడు.

"చెప్పొద్దని నేనే అన్నాను సార్."

పెద్దాయన గట్టిగా నవ్వాడు.

"ఇక వెళ్ళి రండి, డాక్టరుగారూ."

మొదటిసారి ఆ పిలుపు విన్నది. ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. డాక్టర్లు తాత గురించి తమ భాషలో ఇంకేవో నాలుగు ముక్కలు అనుకుంటూ వెళ్ళిపోయారు. పెదనాన్నకి ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పాలని పరుగులాంటి నడకతో బయల్దేరింది.

గుమ్మం దగ్గరుండగా వెనకనుంచి వినబడింది.

"ఏమన్నారమ్మా?"

"పాసయ్యాను తాతా!"

"చాలా సంతోషం. నీ సంగతి కాదు తల్లీ, నా సంగతి."

ఆమె ఆగిపోయింది. వెనక్కి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"గుండెలో నాలుగు తలుపులుంటాయి తాతా. నీకు ఒకటి బిగుసుకుపోయింది. సగమే తెరుచుకుంటోంది. ఆయాసం అందుకే. నువ్వు ఒళ్ళు దాచుకోలేదు."

"తలుపా!" అన్నాడు వడ్రంగి. కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "అయితే చిత్రిక పట్టాలన్నమాట."

దాన్ని బాగుచేసేవాళ్ళున్నారని, తనే దగ్గరుండి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తానని, కొడుకుని కూడా రమ్మంటే ఇదే మాట ఆయనకీ చెప్తానని అంది ఆమె. తాత తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మరి పోయినసారి నీరు చేరిందన్నావుగా?" అని అడిగింది ఆమె.

"అది పక్క మంచం వాడిది," అన్నాడు తాత సిగ్గుపడుతూ. "అడిగినవాళ్ళకి తెలీదని చెప్పలేక, చెవినబడ్డ పేరేదో చెప్పేసేవాణ్ణి. ఇన్నేళ్ళుగా ఈ మంచం దగ్గరికి వచ్చినవాళ్ళంతా నీ జబ్బేంటి తాతా అని అడిగినవాళ్ళే తల్లీ, నాకు చెప్పింది నువ్వొక్కదానివే."