చాప ఎత్తే చెయ్యి

తెల్లారేసరికి లాఫాయెలె తాత మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. లోసా ఇంటి ముందు గడ్డిలో, తాతల నాటి సన్నటి అల్లిక చాప నెత్తి మీంచి కప్పుకుని, తల వంచుకుని.

మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు లోపలి నుంచి వచ్చి ఆ చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే క్షమించనట్టు. అంతే. మధ్యలో బేరాలుండవు, బతిమాలుకోవడాలుండవు. సమోవాలో ఏ మూలకి వెళ్ళినా ఇదే పద్ధతి.

తప్పు చేసింది తాత కాదు, మనవడు. పోయినేడాది పీకలదాకా తాగి ట్రక్కు తోలాడు వెధవ. ఆ పొద్దున లోసా చేతి తిండి తిని, "అమ్మా, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా, కొబ్బరిపాల చేప నా వాటా దాచిపెట్టు" అని చెప్పి వెళ్ళిన కుర్రాడు మళ్ళీ రాలేదు. పడమటి మలుపులో ఆ ట్రక్కు కింద పడ్డాడు. పాతికేళ్ళు కూడా లేవు పాపం.

మనవడు జైలుకి పోయాడు. కానీ ఇక్కడ తప్పు ఒక్కడిదిగా ఉండిపోదు, ఇంటి పెద్ద నెత్తికి చుట్టుకుంటుంది. అప్పట్నుంచీ తాత ఊరి సభలో నోరెత్తలేదు. చర్చిలో వెనక బల్ల మీదే కూర్చుంటున్నాడు. ఆ చాప ఎత్తించుకోకుండా చచ్చిపోతానేమోనన్నదే ఆయన బెంగ. అందుకే కొన్నాళ్ళుగా రోజూ వస్తున్నాడు, పొద్దెక్కేదాకా కూర్చుని ఇంటికి పోతున్నాడు.

లోసా అద్దెకిచ్చే గదిలో అప్పుడు మోరీన్ అని ఒకావిడ ఉంది. న్యూజిలాండ్ నుంచి సెలవులకని చెప్పి వచ్చింది.

"ఆ పెద్దాయన ఎందుకలా కూర్చున్నాడు?" అని వచ్చిన మర్నాడే అడిగింది.

"తప్పయిందని ఒప్పుకుంటున్నాడమ్మా."

"ఎంతసేపు?"

"చాప ఎత్తేదాకా."

"మరి నువ్వెందుకు ఎత్తవు?"

లోసా కళ్ళు తుడుచుకుంది. "నా వల్ల కాదమ్మా. నన్నది అడక్కు."

మోరీన్ టోపీ పెట్టుకుని, ఆయన పక్కనుంచే నడిచి ఊరు చూడటానికి వెళ్ళిపోయింది. రోజూ అంతే. ముసలాయన చాప కింద కుమిలిపోతుంటే ఈవిడకి సముద్రం, షికార్లు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే, ఏం మనిషిరా బాబూ అనుకునేవారు.

ఒకరోజు బస్సులో చోటు లేకపోతే పక్కింటి సులియా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"సిగ్గుపడకమ్మా. పందిపిల్లలు కూడా ప్రయాణం చేసిన ఒడి ఇది."

బస్సంతా ఘొల్లుమంది. మోరీన్ కూడా నవ్వింది. సముద్రం రాళ్ళ కంతల్లోంచి ఆకాశానికి చిమ్మే చోట, అందరిలాగే కొబ్బరికాయ విసిరి, అది పైకెగిరితే చప్పట్లు కొట్టింది. సులియా పెరట్లో చెట్టుబెరడు సాగగొట్టి గుడ్డ చేస్తుంటే తనూ సుత్తి పుచ్చుకుని వేలు చితక్కొట్టుకుంది.

"అది బెరడు, ఇది వేలు. రెండూ ఒకటే అనుకున్నావా తల్లీ!" అని సులియా వెక్కిరించింది.

ఒక సాయంత్రం నిమ్మరసం, కొబ్బరిపాలు పోసి కలిపే పచ్చి చేప కావాలని మోరీన్ అడిగింది. లోసా ఏడాదిగా ఆ వంట జోలికి పోలేదు. అయినా కాదనలేక చేసి పెట్టింది. మోరీన్ గిన్నె ఖాళీ చేసింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఉల్లిపాయ ఘాటంది.

ఆవిడ వెళ్ళిపోవాల్సిన రోజు పొద్దున్నుంచీ కుండపోత. తాత కదల్లేదు. చాప నానిపోయి ఆయన వీపుకి అతుక్కుంది. కింద భుజాలు వణకడం కిటికీలోంచి కూడా కనబడుతోంది.

సులియా తడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఏమే లోసా, ఇవాళ ఇంటికి పోనంటున్నాడే ఆ ముసలాడు! అసలే ఆయన గుండె అంతంత మాత్రం. అక్కడే పోతాడేమోనే!"

"నన్నేం చెయ్యమంటావు చెప్పు?" లోసా గది తలుపు వైపు చూసింది. "నాకు మాత్రం జాలి లేదా?"

లోపల మోరీన్ పెట్టె సర్దుకుంటోంది. జిప్పు చప్పుడు సగంలో ఆగింది. గది తలుపు తెరుచుకుంది. కాళ్ళకి చెప్పుల్లేవు, నెత్తిన టోపీ లేదు. ఇద్దర్నీ దాటుకుని వానలోకి నడిచింది.

"లోసా! చూడవే, చాప మీద చెయ్యేస్తోంది!"

లోసా స్తంభం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మోరీన్ రెండు చేతుల్తో చాప ఎత్తింది. నీళ్ళకి బరువెక్కి ఉంది, ఒక్కసారికి రాలేదు. మళ్ళీ పట్టుకుని పూర్తిగా తీసేసింది. బురదలోనే ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

లాఫాయెలె తాత తలెత్తి చూశాడు. ఏదో చెప్పబోయాడు. ఏడ్చేశాడు.

మోరీన్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"పోయినేడాది ఈ ఇంట్లోనే దిగి మా అబ్బాయి చూసినవన్నీ చూసేశాను పెద్దాయనా, వాడు పోయిన ఆ మలుపు దగ్గరికి మాత్రం ఒక్కదాన్నే వెళ్ళలేకపోతున్నాను, నాతో రండి."