ఆరని తోలు

తోలు ఆరకూడదు. ఆదివారం సాయంత్రం దాకా ఆరకుండా చూసుకుంటే చాలు, మనవడు హంతకుడు కాకుండా బయటపడతాడు. మారక్క వేసుకున్న పథకం అంతే.

చాలా ఏళ్ళ కిందట ఆమె పెద్దకొడుకు సంజీవప్పను గొర్రెల మేత తగాదాలో ఈశ్వరప్ప కొట్టి చంపాడు. ఇప్పుడు కూతురి పెళ్ళి కోసం పెరోల్ మీద ధర్మవరం వచ్చాడు. ఆదివారం సాయంత్రం తిరిగి జైలుకు పోవాలి. ఈలోపలే తండ్రి పగ కొడుకు తీర్చుకోవాలని మారక్క చిన్నకొడుకు చౌడప్ప పట్టుబట్టాడు. ఎక్కడి నుంచో ఒక నాటు పిస్తోలు తెచ్చి, అన్న కొడుకు మనోజ్ చేతిలో పెట్టాడు.

మనోజ్ దాన్ని జేబులో పెట్టుకుని చూసి, మళ్ళీ బయటికి తీశాడు.

"బస్సులో అంతమందిలో పోవాల చిన్నాయనా. ఇట్ల పెట్టుకుంటే ఆకారం కనపడతాది. యాడన్నా తగిలి పేలిందంటే పొయ్యేది నా తొడ. అవ్వా, జేబులో పట్టే తోలు సంచి కుట్టియ్యి. అది లేందే నేను గడప దాటను," అంటూ ఫోన్‌లో బొమ్మ చూపించాడు.

పెనుకొండలో ఇంటిదగ్గరే బెల్టులు, కొడవలి ఒరలు కుట్టి హిందూపురం అంగళ్ళకు వేసే మారక్కకు అదేమంత పని కాదు. తోలు కోసి, కుట్టి, నానబెట్టింది. పిస్తోలుకు పాలకవరు చుట్టి అందులోకి దూర్చి, పైన గట్టిగా దారం బిగించింది. అలాగే ఆరితే తోలుకు పిస్తోలు అచ్చు పడుతుంది. తడి మీద విప్పితే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

"ఎప్పటికి ఆరతాది మా?" అన్నాడు చౌడప్ప.

"మందం తోలప్పా. నీడలోనే ఆరాల. ఎండలో పెడితే పగుల్తాది."

నిజానికి పెనుకొండ వేసవికి అది ఎంతసేపు? అందుకే మారక్క పొద్దున్నే లేచి, అటూ ఇటూ చూసి, చెంబులో నీళ్ళు తెచ్చి దానిమీద చిలకరించేది. మొగుణ్ణి సాగనంపింది, కొడుకును సాగనంపింది. ఇంక జైలు ఊచలు పట్టుకుని మనవణ్ణి చూసి వచ్చే ఓపిక ఆమెకు లేదు.

ఒక్కోసారి నీళ్ళు చల్లకముందే తోలు చేతికి చల్లగా తగిలేది. నిన్న ఎక్కువ పోసినట్టున్నాను అనుకునేది. ముసలితనం, ఏది గుర్తుంటుంది?

చౌడప్ప రోజూ వచ్చి బొటనవేలితో నొక్కి చూసేవాడు.

"ఇది ఎనుము తోలా, చేప తోలా? ఎన్నాళ్ళు చూసినా తడే!"

"ఆరనీలే చిన్నాయనా, తొందరెందుకు?" అనేవాడు మనోజ్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఆదివారం పొద్దున్నే చౌడప్ప స్నానం చేసి తయారై వచ్చాడు.

"పా మా, హిందూపురంలో కండ్లకు చూపిస్తా. ఉచితంగా చూస్తాండారంట."

మారక్క చెంబు వైపు చెయ్యి చాపింది.

"నీళ్ళు ఆడ నేను తాపిస్తాలే, పా!" అన్నాడు చౌడప్ప నవ్వుతూ. తను నీళ్ళు చల్లే సంగతి కొడుక్కి తెలిసిపోయిందని ఆ నవ్వు చూడగానే ఆమెకు అర్థమైంది.

హిందూపురంలో కళ్ళు చూసేవాళ్ళెవరూ లేరు. చౌడప్ప ఆమెను హోటల్లో కూర్చోబెట్టి ఇడ్లీలు తినమన్నాడు. ఆమె ఒక్కటి కూడా ముట్టలేదు. తిరుగు బస్సులో కిటికీలోంచి నిప్పుల్లాంటి గాలి కొడుతోంది. ఈ గాలికి తోలేమిటి, చెరువులే ఎండిపోతాయి అనుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి మనోజ్ గడపలో కూర్చుని ఉన్నాడు. చౌడప్ప నేరుగా లోపలికి పోయి తోలును నొక్కాడు.

అతని వేలి కింద నుంచి నీళ్ళు టపటపా కారాయి.

"ఇదేందిరా! నీళ్ళు పోసే మనిషిని నేనే తోడుకొని పోతినే!"



"ఏం చేసేది చిన్నాయనా, మందం తోలు," అన్నాడు మనోజ్.

చౌడప్ప చేతిలోది నేలకు కొట్టి, "ఇంక ఇది ఆరేదెప్పుడు, నువ్వు పొయ్యేదెప్పుడు? వాడు బండెక్కేస్తాడు!" అని తిట్టుకుంటూ వీధిలోకి పోయాడు.

మారక్క మనవడి చొక్కా చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

అసలు తోలు సంచి కావాలని మొదట అడిగింది వాడేనని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.