దుబాసీ మాట

"మీ బుగ్గలకు రాశాకే మా లావెండర్ క్రీముకు అందం వచ్చింది!" అన్నాడు హ్వార్ దీవి వ్యాపారి దూయమ్.

దుబాసీ అన్నాక ఆ మాటను తన మాటలాగే చెప్పాలి. పార్లర్ యజమాని బోగ్నాకు పోలిష్‌లో చెబుతుంటే నెవెంకాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వార్సా సంతలో ఏటా అతని మాటలకు గొంతు తనది, పొగడ్తలు ఈవిడకి!

"ఫోన్‌లో తేలే బేరానికి ఏటా ఇంతదూరం ఎందుకొస్తున్నాడో అడగమ్మాయ్," కన్నుగీటింది బోగ్నా.

ఈవిడ కోసమేనంటాడు కాబోలు! కక్కలేక మింగలేక అడిగింది నెవెంకా.

దూయమ్ తలదించుకున్నాడు. "మీ కోసమే, నెవెంకా."

అలవాటుగా పోలిష్‌లో చెప్పడానికి బోగ్నా వైపు తిరిగింది నెవెంకా.

"అది నాకు చెప్పక్కర్లేదులే, అతని మొహమే చెప్పింది," నవ్వింది బోగ్నా. "ఇందాకట్నుంచీ మా మాటలే చెప్పావు. ఇక నీ మాట చెప్పు."