వైరు లేని చోట

"శబ్దం వైరులోంచి వస్తాది మేడమ్."

మునీరా తడుముకోకుండా చెప్పింది. కంప్యూటరు నుంచి స్పీకరుకు పోతున్న నల్లటి వైరును వేలితో చూపించింది కూడా.

నీరజ నవ్వబోయి ఆగింది. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. అందరూ అదే నిజమనుకుంటున్నారు.

పుంగనూరులోని ఆ బడికి కంప్యూటర్లు వచ్చిన ఏడాది అది. 2003. మదనపల్లెలో శిక్షణ తీసుకుని వచ్చి, ఎంతో ముచ్చటపడి ధ్వని పాఠం సీడీ వేసింది నీరజ. తెర మీద రంగురంగుల అలలు గంట నుంచి బయలుదేరి చెవిలోకి వెళ్లాయి. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. "కంపనాల వల్ల ధ్వని పుడుతుంది" అని ఒక్క గొంతుతో అప్పజెప్పారు.

ఆ సంబరంలోనే అడిగింది, "నేనీడ గంట కొడితే ఆ సప్పుడు మీ దాకా ఎట్లొస్తాది?" అని.

వచ్చిన జవాబు అది.

సీడీ మళ్లీ వేసింది. "ఇప్పుడు చెప్పండి."

"వైరులోంచే మేడమ్!" ఈసారి నలుగురైదుగురు అన్నారు.

నీరజ మూడోసారి సీడీ వేయబోయింది.

"అమ్మా, నేనొక మాట సెప్పొచ్చునా?"

తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి. అరవై ఏళ్లుంటాయి. చంకలో దినపత్రిక. ఎవరో పాపను బడిలో చేర్పించే విషయం కనుక్కోవడానికి వచ్చాడట. హెడ్మాస్టరు ఎవరితోనో మాట్లాడుతున్నాడని, వరండాలో ఎండగా ఉందని అటెండరు రంగప్ప తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. వచ్చినప్పటి నుంచి ఆయన తెర వంక చూడనే లేదు. పిల్లల ముఖాలే చూస్తున్నాడు.

గొంతులో ఎగుడుదిగుడు లేదు. మాటలన్నీ ఒకే మట్టంలో వస్తున్నాయి. కుప్పం వైపు మనిషేమో, అరవమూ కన్నడమూ కలిసిన యాసేమో అనుకుంది నీరజ.

"చెప్పండి" అంది, కొంచెం అయిష్టంగానే.

"డప్పు మోత ఉంటే పెట్టమ్మా. గట్టిగా."

పెట్టింది.

ఆయన మునీరాను పిలిచి, ఆ పిల్ల అరచేతిని స్పీకరు మీద ఆనించాడు.

"ఏముండాది?"

"గిలిగింతలు పెడతాండాది తాతా!"

"యాల?"

"లోపల... లోపల అదురుతాండాది!"

ఆ చేతినే తీసి ఆ పిల్ల గొంతు మీద పెట్టాడు. "నీ పేరు సెప్పు."

"మునీరా."

"ఈడ?"

"ఈడా అదురుతాండాది!"

అప్పుడు దినపత్రికలో ఒక పేజీ తీసి, స్పీకరుకు జానెడు దూరంలో బిగువుగా పట్టుకోమన్నాడు. డప్పు మోగినప్పుడల్లా ఆ కాగితం మునీరా వేళ్ల మధ్య వణికింది.

"మద్దెన వైరుండాదా?"

"లేదు తాతా."

"మరేముండాది?"

ఆయన తొందరపడలేదు. నీరజ ఉండబట్టలేక చెప్పబోయింది. ఆమె పెదాలు కదలగానే ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు.

మునీరా తన చేతిని స్పీకరుకూ కాగితానికీ నడుమ అటూ ఇటూ ఆడించి చూసింది. ఏమీ తగల్లేదు. మళ్లీ ఆడించింది.

"గాలి" అంది మెల్లిగా. తర్వాత కేకేసింది. "గాలే! గాలి అదురుతాండాది!"

ఆయన ముఖం వెలిగిపోయింది.

"కండ్లు మూసుకోని పట్టుకోండి" అని ఒక్కొక్కరినీ పిలిచాడు. కాసేపటికి ఆ గది గదిలా లేదు. పిల్లలు బెంచీల మీద, కిటికీ ఊచల మీద, ఒకరి వీపు మీద ఒకరు చేతులు పెట్టి చూసుకుంటున్నారు. చివరికి నీరజ కూడా కళ్లు మూసుకుని కాగితం పట్టుకుంది. ప్రతి దెబ్బా గాలిలో నడిచి వచ్చి ఆమె వేలికొసల మీద వాలింది. ఫిజిక్సులో పీజీ చేసిన మనిషి. పుట్టినప్పటి నుంచి శబ్దాన్ని వింటూనే ఉంది గానీ, దాన్ని తాకడం అదే మొదలు.

"మీరు సైన్సు మాస్టరా సార్? ఏ ఊరు మీది?"

ఆయన వంగి కాగితం మడుచుకుంటున్నాడు. జవాబు చెప్పలేదు. ఇంతలో రంగప్ప వచ్చి భుజం తట్టి, హెడ్మాస్టరు గది వైపు చెయ్యి చూపించాడు. ఆయన నీరజకు నమస్కారం పెట్టి బయటికి నడిచాడు.

వెనక నుంచి పిల్లలు గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆయన ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. ఇంత బిగువేమిటో ఈయనకు అనుకుంది నీరజ.

బడి వదిలాక ఆఫీసుకు పరిగెత్తింది. అప్పటికే కుప్పం బస్సెక్కి వెళ్లిపోయాడు.

"గంగులప్ప అంట మేడమ్" అన్నాడు రంగప్ప. అంతకుమించి అతనికీ తెలియదు.

అప్పటి నుంచి ఆమె పాఠం మారిపోయింది. ముందు పిల్లల వేళ్లకు, తర్వాతే కళ్లకు. ఆ సీడీనే. ఆ అలలే. కానీ ఇప్పుడు తెర మీద అల కదలగానే పిల్లలు "అద్దో, గాలి పోతాండాది!" అని అరిచేవాళ్లు. ఈ అలలు ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు కనిపించలేదా అని నీరజకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

రెండేళ్ల తర్వాత కుప్పంలో ఉపాధ్యాయుల శిక్షణ. కంప్యూటరుతో ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. నీరజ ఆ పాఠమే చెప్పింది. అయిపోగానే ఆ ఊరి మాస్టరు ఈశ్వరప్ప ఆమె దగ్గరికి వచ్చాడు.

"కాగితం పట్టించేది మీకు ఎవురు నేర్పించినారమ్మా?"

"మీ ఊరాయనే సార్. గంగులప్పగారు. ఈ పూట ఎట్లాగైనా ఆయన్ని చూసిపోవాలని వచ్చినాను."

ఈశ్వరప్ప ముఖం చిన్నబోయింది. "పోయిన ఎండాకాలంలో సచ్చిపోయినాడమ్మా."

నీరజ పాఠంలో వాడిన కాగితాన్ని మెల్లిగా మడుచుకుంది.

"సప్పుడు గురించి అంత తెలిసిన మనిషిని నేను యాడా చూడలేదు సార్. ఎక్కడ చదువుకున్నారు ఆయన?"

ఈశ్వరప్ప ఆమె వంక వింతగా చూశాడు.

"మీకు తెలీదా?" అన్నాడు. "ఎనిమిదేండ్లప్పుడు జొరమొచ్చి రెండు సెవులూ పోయినాయమ్మా ఆయప్పకి. ఆ పొద్దు నుంచి సచ్చేదాకా ఒక్క సప్పుడూ విన్న మనిషి కాదు."