నా బస్సు కాదు

ప్రార్థనకు మోకరించి కళ్లు మూసుకోగానే సుకన్యకు చెవులు తెరుచుకునేవి.

కామారెడ్డిలో వాళ్లు కిరాయికి ఉండేచోట ఒకే వాకిట్లో నాలుగు కుటుంబాలు. ఒకరి కుక్కర్, ఒకరి మిక్సీ, ఒకరి టీవీ. పిల్లలైతే తొమ్మిది మంది. పొద్దున్నే "అమ్మా" అని ఎవరు ఎవరిని పిలుస్తున్నారో తెలియదు. సుకన్య బిడ్డ జెస్సి మాత్రం, పాపం, ఏ గోలా చేయక గడప మీద కూర్చుని పాత గాజులతో ఆడుకునేది.

ఒక మనవి పెట్టుకుని సుకన్య నలభై రోజుల ప్రార్థన పట్టింది. రోజూ పొద్దున అరగంట. మధ్యలో లేస్తే మళ్లీ ఒకటో రోజు. ఇప్పటికే రెండుసార్లు లేచింది. రెండోసారి పాలు పొంగిన వాసనకు ఉరికితే, అవి పక్కింటి నాగవ్వ పాలు.

"నా పాలకు నువ్వు ఉరికినవేందే?" నాగవ్వ పకపకా నవ్వింది. "మీ దేవుడు గూడ నవ్వుతుంటడు."

సుకన్య పోయి పాస్టరమ్మ విమలమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మనసు నిలుస్తలేదమ్మా. గిట్లయితే నా మనవి ఏం గావాలె?"

"మీ తల్లిగారిల్లు ఎల్లారెడ్డి గదా. బస్టాండ్ల నిలవడ్డప్పుడు బాన్సువాడ బస్సొస్తే ఎక్కుతవా?"

"ఎందుకెక్కుత?"

"నిజామాబాద్ బస్సొస్తే?"

"అది నాది గాదు గదమ్మా."

"గంతే బిడ్డా. సప్పుడు రానీ, పోనీ. నా బస్సు గాదనుకో. కదలకు."

మళ్లీ మొదలుపెట్టింది. నలభయ్యో రోజు వచ్చింది.

కుక్కర్ కూసింది. నా బస్సు కాదు. మిక్సీ. నా బస్సు కాదు. నాగవ్వ మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. ఎక్కాలనిపించే బస్సే, అయినా తనది కాదు.

మెల్లగా చప్పుళ్లన్నీ ఎక్కడికో జరిగిపోయాయి. లోపల ఎన్నడూ లేనంత నెమ్మది.

ఎవరో పిల్ల "అమ్మా" అంది. నా బస్సు కాదు.

మళ్లీ "అమ్మా". నాగవ్వ మనుమరాలై ఉంటుంది. కదలలేదు.

మూడోసారి మరీ దగ్గరగా. చిన్నగా నవ్వుకుంది కానీ కళ్లు తెరవలేదు. అరగంట నిండాక "ఆమెన్" అని తిరిగి చూసింది.

అవతల తన పాలు పొంగిపోతున్నా, నాగవ్వ సుకన్య గడప దగ్గరే నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైందవ్వా?"

మూడేళ్లు నిండినా ఇంతవరకు ఒక్క మాట పలకని జెస్సి, తల్లి కొంగు పట్టుకుని నాలుగోసారి పిలిచింది.