మార్చిన సామాను

తాండూరు స్టేషన్ రోడ్డులోని రిపేరు దుకాణంలో ఎస్తేరు కూర్చుంది. తను పనిచేసే బండల పాలిష్ మిల్లు ల్యాప్‌టాప్‌ను నిన్న ఇక్కడే ఇచ్చి వెళ్లింది. తెర మీద విండోస్ ఎక్కుతున్న శాతం అరవై రెండు దగ్గర ఆగేసరికి ముందుకు వంగింది.

"మధ్యల ఆగిపోదు గదా అన్నా?"

"ఫికర్ జెయ్యకు చెల్లె. కొత్త డ్రైవ్, కొత్త విండోస్. ఇగ జోరుగ నడుస్తది," అన్నాడు దుకాణం నడిపే బస్వరాజ్.

"పాత ఫైళ్లు?"

"దీంట్ల ఒక్కటి గూడ ఉండదు. నిన్న గూడ గదే అడిగినవ్."

అంకె వందకు చేరి ల్యాప్‌టాప్ తెరుచుకుంది. అంతా వెతికింది. ఖాళీ. పని మానేస్తే ఊరంతటికీ చూపిస్తానని మిల్లు యజమాని సేటు బెదిరించే తన ఫొటో లేదు. ఆయన ఫోన్ పోయాక అది దీని పాత డ్రైవ్‌లో మాత్రమే మిగిలింది.

"పాత డ్రైవ్ నాకియ్యి అన్నా." దాన్ని బండతో నుజ్జునుజ్జు చేస్తేగానీ ఆమెకు నిద్ర పట్టదు.

బస్వరాజ్ నవ్వాడు. "మార్చిన సామాను ఓనరు చేతికే ఇస్తం. మా నాయిన కాలం సంది గదే పద్ధతి. పొద్దుగాల మీ సేటును పిలిచి ఇచ్చిన. పాత ఫైళ్ల కోసం నువ్వు మస్తు పరేషాన్ అయితున్నవని గూడ చెప్పిన."

ఎస్తేరు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"మంచోడు చెల్లె, మీ సేటు. 'అన్నీ నా దగ్గర భద్రంగ ఉన్నయ్, పిల్లకు భయపడొద్దని చెప్పు' అన్నడు."