మట్టికి తోడు

పాలకు తోడు అడిగినట్టే ఆ వీధిలో ఇప్పుడు మట్టికి తోడు అడుగుతారు. ప్రాణమున్న మట్టి పిడికెడు కలిపితే తప్ప ఏ కుండీలోనూ విత్తనం మొలవదు. అలాంటి మట్టి ఇక మిగిలింది విశాలాక్షి తొట్టిలోనే. చనిపోయిన ఆమె కూతురు హిమజ పెంచిన మట్టి అది.

నిన్న సాయంత్రం పక్కింటి కాత్యాయని గిన్నె పట్టుకుని వచ్చింది.

"దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదు వదినా. పొద్దున్నే రా."

"మట్టికి కూడానా నీ పట్టింపు?"

"తోడంటే తోడే."

కాత్యాయని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఇచ్చేది బలంగా ఉండాలని విశాలాక్షి కొత్తగా వచ్చిన ఎరువు పొడి తొట్టిలో చల్లింది.

తెల్లవారి తవ్వి చూస్తే, మట్టిని అల్లుకుని ఉండే తెల్లని బూజు పోగులు నల్లబడి రాలిపోయాయి. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. నిన్న ఇచ్చి ఉంటే పిడికెడైనా పక్కింట్లో బతికుండేది.

"స్నానం కూడా చేసి వచ్చా వదినా, ఇక పెట్టు!" గుమ్మంలో కాత్యాయని గిన్నె చాపింది.

విశాలాక్షి ఆ ఖాళీ గిన్నెలో చేయి పెట్టి అడుగంతా తడిమింది.

"నిన్ననే ఇచ్చాను కదా వదినా," అంది మెల్లగా. "అందులోంచి నాకో పిడికెడు పెట్టవూ?"